శౌరయ్య సమాధి మీద గడియారం

1999 నవంబరు నాలుగో తేదీ ఉదయం డయానా గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తుకు మెట్లెక్కి వచ్చింది. సంజీవరావుగారి ఆఫీసు అక్కడే. ఆమె కుర్చీలో కూర్చోకుండానే చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. అందులో ఒక పాత చేతిగడియారం ఉంది. అది నడుస్తోంది.

“ఇది మా అన్నయ్యదండీ. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం యుద్ధంలో విమానంతో పాటు కనపడకుండా పోయాడు.”

సంజీవరావు కాలేజీలో ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత పరిశోధక వృత్తిలోకి వచ్చిన మనిషి. ఆయన సహాయకురాలు అఫ్సా, అంతకుముందు కోర్టు దగ్గర పదేళ్ళు టైపు చేసింది. ఆయన మౌనంగా ఉన్నప్పుడు ఏమి ఆలోచిస్తున్నారో ఊహించడం ఆమె తనలో తాను కట్టుకునే పందెం. చాలాసార్లు ఓడిపోయేది. ఓడిపోవడంలోనూ ఆమెకు సంతోషమే ఉండేది.

మంచినీళ్ళు తాగాక డయానా నిదానంగా చెప్పుకొచ్చింది. తండ్రి శౌరయ్య రైల్వేలో పనిచేసి రిటైరై, మార్చిలో చనిపోయాడు. మొన్న రెండో తేదీ సమాధుల పండుగ. ముందురోజు సాయంత్రం తండ్రి సమాధికి సున్నం వేయించి, పండుగనాటి పొద్దున్నే తల్లి అమలమ్మతో కలిసి కొవ్వొత్తులు, చామంతి దండలు పట్టుకుని వెళ్ళింది. అప్పటికే సమాధి మీద గులాబీ రేకులు చల్లి ఉన్నాయి. వాటి మధ్య తెల్లటి రుమాలులో ఈ గడియారం ఉంది. వెనక మూత మీద ‘యేసుకుమార్, 1968’ అని చెక్కి ఉంది. కొడుకు విమానదళంలో చేరినప్పుడు శౌరయ్యే చెక్కించి ఇచ్చాడు.

“అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒకే మాట అంది. నాన్న సమాధి చూసుకోవడానికి అన్నయ్య వచ్చాడట. అప్పట్నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మా వీధిలో కొందరు మహిమ అంటున్నారు. కొందరు అవతలి దేశం జైల్లోంచి విడిపించారంటున్నారు. ఈ వేసవిలో కార్గిల్ వార్తల్లో విమానం కూలిందని చెప్పిన ప్రతిరోజూ అమ్మ అన్నం ముట్టలేదు. ఇప్పుడేమో ఇది.”

“మీ భయం ఏమిటి?” అని సంజీవరావు అడిగాడు.

“అమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయిందండీ. రెండోదానిలో శుక్లం ముదిరిపోయింది. పదో తేదీన ఆపరేషను. ఇంకా ఆలస్యమైతే ఆ కన్నూ దక్కదన్నారు డాక్టరుగారు. అమ్మ రానంటోంది. వాడొచ్చే వేళకు నా కంటికి కట్టు ఉంటే వాణ్ణి ఎట్లా చూస్తాను అంటుంది.” డయానా రుమాలు అంచు మడిచింది. “అన్నయ్య ఉన్నాడో లేడో తేల్చండి. ఏదైనా సరే. తోలుపట్టీ మార్పిస్తానని చెప్పి తెచ్చాను, సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి.”

సమాధి మీద దొరికినప్పుడు గడియారం సరైన సమయం చూపిస్తోందా అని ఆయన అడిగాడు. నిమిషం తేడా లేదని డయానా చెప్పింది. ఆ తరువాత ఆయన పిన్నీసంత చిన్న పనిముట్టుతో వెనక మూత ఊడదీసి, భూతద్దం కింద చాలాసేపు చూశాడు. చూడమని అఫ్సాకు కూడా ఇచ్చాడు. మూత లోపలివైపు వెంట్రుకంత సన్నగా గీసిన అంకెలు వరసగా ఉన్నాయి. మొదటి వరస 74తో, చివరిది 98తో ముగుస్తున్నాయి. అన్నీ ఒకే చేతి గీతలు.

“చనిపోయినవాళ్ళు గడియారాలకు కీ ఇవ్వరు,” అన్నాడాయన మూత బిగిస్తూ. “బతికున్నవాళ్ళలో ఎవరిచ్చారో చూద్దాం.”

ఆ మధ్యాహ్నం ముగ్గురూ భవానీపురం వెళ్ళారు. డెబ్బై అయిదేళ్ళ అమలమ్మ గేటు దగ్గర, రోడ్డుకు ఎదురుగా కూర్చుని ఉంది. పరిశోధకుడంటే ఆమెకు అంత నచ్చినట్టు లేదు. మా వాడు దొంగా, వెతకడానికి, అన్నది. అయినా గడియారం చేతికి రాగానే చెవి దగ్గర పెట్టుకుని, కొడుకు ఉత్తరాలున్న రేకుపెట్టె తెప్పించింది. చివరి ఉత్తరం 1971 డిసెంబరులోది. సంజీవరావు దాన్ని పైకి చదివాడు.

“...బయలుదేరేముందు బడిపిల్లల్ని తనిఖీ చేసినట్టు మా జేబులన్నీ ఖాళీ చేయిస్తారమ్మా. నీ గోంగూర పచ్చడి సగం ఇక్కడి బందరు కుర్రాడికే పోతోంది. నా విమానం బాగోగులు చూసేది వాడే కాబట్టి కాదనలేను...”

“ఎన్నిసార్లు చదివానో,” అన్నది అమలమ్మ. “ఆ బందరు అబ్బాయి ఎవరో తెలియదు. వాడైనా తిన్నాడు.”

భర్త గురించి అడిగితే ఆమె ముఖం తేటపడింది. ఆయన ఎక్కడికీ కదిలేవాడు కాదు. నెలకొక్కసారి మాత్రం, మొదటి శనివారం, గొడుగు పట్టుకుని గవర్నర్‌పేట వెళ్ళి రస్కుల పొట్లం తెచ్చేవాడు. మన వీధి చివర దొరకవా అంటే అక్కడివే బాగుంటాయనేవాడు. పోయేముందు నెల కూడా వెళ్ళాడు.

తిరుగుదారిలో వాళ్ళు స్మశానం దగ్గర దిగారు. చుట్టూ ఉన్న సమాధుల మీద వాడిన దండలు, కరిగిన కొవ్వొత్తులు ఉన్నాయి. శౌరయ్య సమాధి మీద వాటితో పాటు ఎండిన గులాబీ రేకులున్నాయి. ఆ రేకుల్లో ఒక్క కాడ గానీ దారం గానీ లేదు. అఫ్సా వంగి రెండు రేకులు తీసింది.

“సార్, మా నాన్నగారి సమాధి మీద మేము ఇట్లాగే చల్లుతాం,” అన్నది నెమ్మదిగా.

సంజీవరావు ఆమెవైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ పందెం ఆమె గెలిచింది.

ఆదివారం మూడు గంటలకు అమలమ్మ ముందుగదిలో అందరూ చేరారు. తల్లీకూతుళ్ళు కాక ఇద్దరు కొత్తవాళ్ళు ఉన్నారు. ఒకరు గవర్నర్‌పేటలో గడియారాలు బాగుచేసే బసవపున్నయ్య. వస్తూనే గోడగడియారం అయిదు నిమిషాలు వెనక ఉందని గమనించి, ఎవరూ అడగకుండానే సరిచేశాడు. రెండోవాడు యాభై ఏళ్ళ మనిషి, వేళ్ళకు రాగితీగ కోతలు. అతను గుమ్మం పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

“అమలమ్మగారూ,” అని సంజీవరావు మొదలుపెట్టాడు, “నేను చెప్పేది మీకు నచ్చదు. అయినా నిజం వినే హక్కు మీదే. మీ ఇంట్లో ఇన్నేళ్ళూ దాన్ని మీకు ఇవ్వలేదు.”

ఆయన ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. కీ ఇచ్చే గడియారం ఒకటిన్నర రోజుకు మించి నడవదు. పండుగనాటి ఉదయం అది సరైన సమయం చూపించిందంటే, దాన్ని పెట్టినవాడు ముందురోజో ఆ రోజో కీ ఇచ్చాడు. ఇక మూత లోపలి గీతలు. గడియారం శుభ్రం చేసిన ప్రతిసారీ తేదీని అక్కడ గీసిపెట్టడం బాగుచేసేవాళ్ళ అలవాటు. డెబ్బై నాలుగు నుంచి తొంభై ఎనిమిది దాకా ఒకే చేయి గీసింది. అంటే ఆ గడియారం ఏ జైల్లోనూ లేదు, ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే ఉంది. సరిహద్దు దాటకముందే అది మీ అబ్బాయి చేతి నుంచి దిగింది. జేబులు ఖాళీ చేయిస్తారని మీకు ఆయనే రాశాడు. ఖాళీ చేసినవి ఎవరికి ఇస్తాడు? విమానం దగ్గర ఆఖరున నిలబడే మనిషికి. సమాధి మీద విడి రేకులు చల్లడం ముస్లింల ఆచారం; అట్లాంటి మనిషి కోసం, మీవారు రస్కులకని వెళ్ళే గవర్నర్‌పేటలో గడియారాలు బాగుచేసేవాళ్ళను అడిగితే వీళ్ళిద్దరూ దొరికారు.

“ఆ గీతలు నావేనండీ,” అన్నాడు బసవపున్నయ్య. “మూడేళ్ళకో నాలుగేళ్ళకో తెచ్చేవారు. ఎప్పుడూ ఇద్దరు కలిసే వచ్చేవారు. ఒకరు ఈ జాకీర్‌గారు, మా పక్క సందులో మోటారు వైండింగు షాపు. రెండోవారు గొడుగు పట్టుకున్న పెద్దాయన. మా ఎదుటి బేకరీలో రస్కులు కొనుక్కుని వెళ్ళేవారు.”

అమలమ్మ భర్త ఫోటోవైపు తల తిప్పింది. ఆ దూరానికి ఫోటో ఆమెకు కనపడదు.

జాకీర్ ఒక్క అడుగు ముందుకు వచ్చాడు. యుద్ధం ముగిసిన నెలకు సెలవు మీద వచ్చి, గడియారం ఇవ్వడానికి ఈ గేటు దాకా వచ్చానని చెప్పాడు. శౌరయ్యగారే ఎదురొచ్చారు. జరిగింది ఆయనకు చెప్పాడు. జతగా వెళ్ళిన రెండో పైలట్ తిరిగివచ్చి చెప్పినది జాకీర్ పక్కనే నిలబడి విన్నాడు. కిందినుంచి తుపాకులు పేల్చారు, విమానం మంటలతోనే నేలను తాకింది, పారాచూటు తెరుచుకోలేదు. శకలాలు అవతలి నేల మీద ఉన్నాయి, శవం దొరకలేదు. అందుకే ప్రభుత్వం ఉత్తరంలో కనిపించుట లేదని మాత్రమే రాసింది.

“ఆయన నా చేయి పట్టుకున్నారమ్మా. ఆ ఒక్క మాట పట్టుకుని అమల అన్నం తింటోంది, ఆ మాట తీసెయ్యకు బాబూ, గడియారం నీ దగ్గరే ఉంచు అన్నారు. నౌకరీ వదిలి ఈ ఊరొచ్చి షాపు పెట్టాక నెలకోసారి వచ్చేవారు. ఆ రోజు కీ ఆయనే ఇచ్చేవారు. ఆయన పోయారు. ఆయన అప్పగించింది ఆయనకే అప్పజెప్పాలనుకున్నాను. మీ ఎదుట నిలబడే ధైర్యం లేకపోయింది. మీరు ఇట్లా అనుకుంటారని నాకు తోచలేదు. తప్పయింది.”

డయానా తల్లి భుజం మీద చేయి వేసింది. అమలమ్మ ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

“తిరిగి రానని తెలిసే నీకిచ్చాడా?” అని చివరకు అడిగింది.

“లేదమ్మా. అందరూ ఇచ్చి ఎక్కేవారు. మీ అబ్బాయి పదకొండుసార్లు ఇచ్చి, దిగగానే చెయ్యి చాపి తీసుకున్నాడు. పన్నెండోసారీ రోజూ చెప్పే మాటే చెప్పాడు. జాగ్రత్తగా ఉంచు, వచ్చి తీసుకుంటాను అని.”

“ఆ పొద్దున ఏమైనా తిన్నాడా?”

“తిన్నాడమ్మా. రెండు గుడ్లు, టీ. పచ్చడి సీసా అడుగున కాస్త మిగిలితే రొట్టెకు రాసి నాకు పెట్టాడు.”

అప్పుడు ఏడ్చింది అమలమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళు ఏడవడానికి సెలవు దొరకని మనిషి ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా, తీరికగా ఏడ్చింది. అఫ్సా తలుపువైపు చూస్తూ నిలబడింది. కొంతసేపటికి అమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, “పెద్ద అబద్ధాలకోరు. రస్కులట,” అన్నది. ఆ మాటలో కోపం ఎంతో ప్రేమ ఎంతో కొలిచే పరికరం సంజీవరావు దగ్గర లేదు.

“డయానా, డాక్టరుగారికి ఫోను చెయ్యి. పదో తేదీకి వస్తానని చెప్పు.” తరువాత గడియారం పట్టుకుని గుమ్మంవైపు చేయి చాపింది. “కట్టు ఉన్నన్నాళ్ళూ దీనికి కీ ఇచ్చేవాళ్ళు లేరు. ఇదిగో నాయనా, జాగ్రత్తగా ఉంచు. వచ్చి తీసుకుంటాను.”

జాకీర్ రెండు చేతులతో అందుకున్నాడు.

ఆపరేషను తరువాత కట్టు విప్పిన రోజు ఉదయం సంజీవరావు, అఫ్సా కూడా ఆసుపత్రికి వెళ్ళారు. వరండాలో జాకీర్ అప్పటికే నిలబడి ఉన్నాడు. నల్లకళ్ళద్దాలతో అమలమ్మ గది బయటకు వచ్చి, అతని ముఖాన్ని మొదటిసారి తేరిపార చూసింది. చెయ్యి చాపింది.

అతను గడియారం ఆ చేతిలో పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, పాత అలవాటు ప్రకారం నిటారుగా నిలబడ్డాడు.