ముప్పై ఒకటో వాక్యం

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే ఒక అడ్డదారిలో, రెండు పెద్ద బండరాళ్ళ మధ్య మలుపుంది. ఆ మలుపులో ఒక ఇనప స్తంభం. ఈ డిసెంబరులో, చీకటుండగా అటు పోవద్దన్నారు.

ఎందుకంటే ఆ స్తంభం మాట్లాడుతుంది.

మాట్లాడటం దాని పనే. పొద్దున్నే నడకకి బయల్దేరే పెద్దమనుషుల కోసం ఆ వీధి సంఘంవాళ్ళు పెట్టించుకున్న వాతావరణం యంత్రం అది. పచ్చ మీట నొక్కితే ఎండెంత, చలెంత, వాన వస్తుందా రాదా అని ఆడగొంతుతో చెబుతుంది. నొక్కితే చెప్పడంలో వింతేముంది? ఆ గొంతుగల పిల్ల చచ్చిపోయి రెండేళ్ళయింది. తెల్లవారుజామున నాలుగింటికి, మనిషన్నవాడు లేని వీధిలో, ఆ పిల్ల చలి ఎంతుందో చెబుతోందట...

ఆ వీధి వాచ్‌మన్ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట. "గాడికెళ్ళి పోకు అక్కా. ఆ పిల్ల పిలుస్తది. గిట్ల తిరిగి చూస్తివో, జరమొచ్చి మంచం పడ్తవ్."

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. ఈ కొండమీద ఇళ్ళు కట్టుకున్న కొందరిని చూశాక, దెయ్యాలతో పనేముందనిపిస్తుంది కూడా. అయినా ఇది మా పక్కగది పద్మప్రియ చెప్పిన సంగతి. పద్మప్రియ సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్. పాతికేళ్ళుగా తలలు దువ్వుతోంది. అబద్ధమాడే మనిషి కాదు. ఆడదలుచుకుంటే ఇంతకన్నా మంచిది ఆడేది.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి.

ఆ గొంతు జెరూషది. డబ్బింగ్ చెప్పే పిల్ల. హీరోయిన్ పక్కన నిలబడి "ఏమైందే?" అని అడిగే స్నేహితురాళ్ళుంటారు చూడండి, అందులో చాలామందికి మాట ఆ పిల్లే ఇచ్చింది. తల్లి పుష్పకుమారి బందరు మనిషి. భర్త పోయాక మోతీనగర్‌లో ఉంటూ, ఆ స్తంభమున్న వీధిలోనే ఒకరింట్లో వంట చేస్తుంది. యంత్రానికి తెలుగు గొంతు కావాలంటే, లియో అనే సౌండ్ ఇంజనీరు జెరూషని పిలిపించాడు. ఒక్క మధ్యాహ్నం పని. సున్నా నుంచి యాభై దాకా అంకెలు, ఆపైన ముప్పై ఒక్క వాక్యాలు. ఏ పూటకి ఏది కావాలో యంత్రమే ఏరుకుని అతికించుకుంటుంది.

"నువ్వు పనికెళ్ళే దారిలో నేనే మాట్లాడతానమ్మా," అందట తల్లితో.

ఆ వానాకాలమే డెంగీ వచ్చింది. నాలుగో రోజున పోయింది. ఇరవై ఆరేళ్ళు.

జెరూష రికార్డింగుకి పట్టుకెళ్ళిన కాగితం తల్లి దగ్గరే ఉంది, బైబిల్లో మడిచి. పుష్పకుమారి రోజూ పనికొచ్చేటప్పుడు ఆ మీట నొక్కుతుంది. ఎప్పుడూ విననిది వినబడిన రోజున, ఇంటికెళ్ళి ఆ వరస పక్కన పెన్సిల్‌తో చిన్న గీత గీస్తుంది. 'ఎండ తీవ్రంగా ఉంది, గొడుగు మరవకండి.' గీత. 'దట్టమైన పొగమంచు, వాహనాలు నెమ్మదిగా నడపండి.' గీత. వడగళ్ళ వాక్యం కోసం మొన్న మే నెలదాకా కాచుకుంది. పడ్డ రోజున నెత్తిమీద ఇత్తడి గిన్నె బోర్లించుకుని వంటింట్లోంచి పరిగెత్తిందట.

ఫోన్లో కూతురి మాటలు లేవా అంటే ఉన్నాయి. అన్నీ వినేసింది. అరిగిపోయేలా వినేసింది. చచ్చిపోయినవాళ్ళు కొత్తగా మాట్లాడరు కదా. ఆ పిల్ల తనకింకా చెప్పని మాట ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది.

ముప్పై ఒకటోది. 'మంచు కురిసే అవకాశం ఉంది.'

యంత్రం చేసిన కంపెనీకి సిమ్లా అయినా మనమైనా ఒకటే కాగితం. చదవమన్నారు, చదివింది. కానీ హైదరాబాద్‌లో అది పలికేదెప్పుడు?

ఈ డిసెంబరులో పలుకుతుందనుకుంది పుష్పకుమారి. చలి అలా ఉంది మరి. శివార్లలో ఏడు, ఎనిమిది డిగ్రీలని వార్తల్లో చెప్పారు. దానికి ఎవడో పనిలేనివాడు తోక తగిలించి, 'ఈ వారం జూబ్లీహిల్స్‌లో మంచు కురిసే అవకాశం' అని వాట్సాప్‌లో వదిలాడు. కింద మంచు మూసేసిన దేవదారు చెట్ల బొమ్మ. చదువుకున్నవాళ్ళు ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే స్వెట్టర్లు కొన్నారు. పుష్పకుమారి ఒక్కతే నమ్మింది. మీట నొక్కింది. పదకొండన్నది. మర్నాడు పది. ఒక్క రోజు తొమ్మిది... ఆ తరవాత మళ్ళీ పది, పన్నెండు. చలి వెళ్ళిపోతోంది.

అప్పుడు తెలిసింది, సోమవారం ఆ యంత్రాన్ని పీకేస్తున్నారని. కొత్తది వస్తోంది, దానికి కంప్యూటర్ గొంతు. పాతది కంపెనీకి తిరిగిచ్చెయ్యాలట.

లియోని అడిగింది. పాపం అతను వెతికాడు. ఆ రికార్డింగ్ థియేటర్ ఎప్పుడో మూతపడింది, ఆ డిస్కు ఎవరి ఇంట్లో ఉందో ఎవరికీ తెలియదు. ఇక సంఘం కార్యదర్శి చలపతిరావు దగ్గరికెళ్ళింది. ఒకప్పుడు సినిమాలు పంపిణీ చేసిన మనిషి. యంత్రం పెట్టినవాళ్ళనొకసారి పిలిపించండి, ఆ ఒక్కటీ వినిపించి తీసుకుపోండి అని అడిగింది. ఆయన నడక ఆపకుండానే విన్నాడు.

"హైదరాబాద్‌లో మంచు పడ్డ రోజున వచ్చి విందువుగానిలే అమ్మా," అన్నాడట.

పక్కన నడిచేవాళ్ళు ఊలు టోపీల్లోంచి నవ్వారు. నేనక్కడ లేను. ఉంటే ఆ చెవులకి టోపీలు ఆగేవి కావు.

అది గురువారం. శుక్రవారంనుంచి పుష్పకుమారి పనిలోకి రాలేదు. జ్వరమేమో అనుకున్నారు.

శనివారం తెల్లవారుజామున, వాచ్‌మన్ గదిలో కునికిపాట్లు పడుతుంటే మలుపులోంచి గొంతు వినబడింది. కాసేపాగి మళ్ళీ... మళ్ళీ... దుప్పటి ముసుగేసుకుని దేవుణ్ణి తలుచుకుని, తెల్లారాక వెళ్ళి చూశాడు. ఎవరూ లేరు. స్తంభం కింద నేల తడిగా ఉంది. వాన పడలేదు. నీళ్ళ గొట్టం లేదు. తడి, అంతే.

ఆదివారమూ అంతే. గొంతు, ఆపైన తడి. ఆ సాయంత్రానికి ఫిల్మ్‌నగర్ మొత్తానికి తెలిసిపోయింది. పిల్ల ఏడుస్తోందన్నారు.

సోమవారం పద్మప్రియకి ఐదింటికి మెయిన్ రోడ్డు మీద సినిమా కంపెనీ కారెక్కాలి. రోజూ చుట్టుదారిన పోతుంది. ఆ రోజు లేవడం ఆలస్యమైంది. వేరే దారి లేదు, అడ్డదారిన పడింది.

వీధి దీపం ఒకటి వెలుగుతుంది, రెండు వెలగవు. కుక్కలు కూడా ముడుచుకు పడుకున్నాయి. బండరాళ్ళు దగ్గరపడే చోటికి రాగానే వినబడింది... మెత్తగా, మర్యాదగా, రేడియోలో చెప్పినట్టు—

"ప్రస్తుత ఉష్ణోగ్రత... తొమ్మిది డిగ్రీలు. చలి తీవ్రంగా ఉంది."

పద్మప్రియ ఫోన్ చూసుకుంది. పదమూడు అని ఉంది.

వెనక్కి పోతే కారు పోతుంది. కారు పోతే పని పోతుంది. చున్నీ చెవుల చుట్టూ బిగించి నాలుగడుగులేసింది.

"ప్రస్తుత ఉష్ణోగ్రత... ఆరు డిగ్రీలు."

పదమూడున్న చోట ఆరెలా అవుతుంది? తను దగ్గరికెళ్ళేకొద్దీ ఎందుకు తగ్గుతోంది? చచ్చినవాళ్ళ చుట్టూ చలి ఉంటుందని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట సరిగ్గా అప్పుడే గుర్తుకు రావాలా...

"నాలుగు డిగ్రీలు. చలి తీవ్రంగా ఉంది."

గాలి లేదు. బొట్... బొట్... అని ఏదో కారుతున్న చప్పుడు. ఒక మూలుగు. యంత్రానిది కాదు, మనిషిది.

మలుపు తిరిగింది.

స్తంభాన్ని ఎవరో కౌగిలించుకుని ఉన్నారు. తెల్లచీర. తలమీదుగా తెల్ల ముసుగు. బండమీద మునివేళ్ళతో నిలబడి, రెండు చేతులూ చాచి, యంత్రం పెట్టెని గుండెకేసి అదుముకుని... చీర అంచునుంచి నీళ్ళు.

పద్మప్రియ అరవబోయింది. ఆ ముసుగు మెల్లగా తిరిగింది.

"అరవకు పాపా... ఇంకా నాలుగే."

అదీ దెయ్యం. పుష్పకుమారి.

యంత్రం పెట్టెకి పక్కన, తెల్ల పళ్ళాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు చిన్న గూడుంటుంది. చలిని కనిపెట్టేది అదే. దాని చుట్టూ గోనెసంచి చుట్టి, సంచిలో చితక్కొట్టిన ఐసు నింపి, చేతులతో నొక్కిపట్టుకుంది. ఎర్రగడ్డ మార్కెట్‌లో చేపలకి వేసే ఐసు, ఆటోలో తెచ్చుకుంది. శనివారం, ఆదివారం ఉత్త ఐసుతో చూసింది. నాలుగు దాకా వచ్చి ఆగిపోయింది, చేతుల్లోనే కరిగిపోయింది. అప్పుడు తండ్రి గుర్తొచ్చాడు. బందరులో పాల ఐసు చేసి అమ్మిన మనిషి. డబ్బా చుట్టూ ఐసులో ఆయన రాళ్ళుప్పు కలిపేవాడు. ఉప్పు పడితే ఐసు మరింత చల్లబడి, దాన్ని చూసి ఐసే భయపడుతుందనేవాడు. ఈ రోజు రెండు శేర్లు రాళ్ళుప్పు తెచ్చింది.

ఇదంతా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ముక్కముక్కలుగా చెప్పింది. జెరూష సంగతీ, కాగితం సంగతీ, చలపతిరావు సంగతీ.

"మంచు పడ్డ రోజున రమ్మన్నారు. పడట్లేదు కదా పాపా... నేనే తెచ్చుకున్నాను."

ఆమె వేళ్ళు చూసింది పద్మప్రియ. పాలిపోయి, గోళ్ళ దగ్గర నీలంగా ఉన్నాయట. ఫోన్ మోగింది, కారు డ్రైవరు. పాతికేళ్ళలో ఎన్నడూ చేయని పని, ఆ ఫోన్ కట్టేసి తన హ్యాండ్‌బ్యాగులో పడేసింది. చున్నీ చేతులకి చుట్టుకుని రెండోవైపునుంచి తనూ ఆ గూడుని పట్టుకుంది. ఇద్దరాడవాళ్ళు, మధ్యలో ఒక ఇనప స్తంభం. ఆ వాచ్‌మన్ అప్పుడొచ్చి చూసుంటే రెండు దెయ్యాలని చెప్పుకునేవాడు.

పుష్పకుమారి మోచేత్తో మీట నొక్కింది.

"రెండు డిగ్రీలు. చలి తీవ్రంగా ఉంది."

ఉప్పునీళ్ళు మోచేతులదాకా కారుతున్నాయి. మంట. మళ్ళీ నొక్కింది.

"ఒక డిగ్రీ. చలి తీవ్రంగా ఉంది."

కిందెక్కడో పాల వ్యాను గేరు మార్చిన చప్పుడు. తెల్లవారితే మనుషులొస్తారు, పదింటికి యంత్రం పీకేవాళ్ళొస్తారు. పుష్పకుమారి కళ్ళు మూసుకుంది. ఆమె నొక్కలేక పద్మప్రియే నొక్కింది.

"ప్రస్తుత ఉష్ణోగ్రత... సున్నా డిగ్రీలు."

లోపల ఏదో టక్కుమంది.

"మంచు కురిసే—"

ఆగిపోయింది. చిప్ పాడయిందనుకుంది పద్మప్రియ. కాదు. ముక్కుతో ఆపుకున్న చిన్న నవ్వు...

"మంచు కురిసే అవకా—"

ఈసారి ఆగలేదు. పగలబడి నవ్వింది ఆ పిల్ల. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, ఉక్కగా ఉండే గదిలో నిలబడి, హైదరాబాద్‌లో మంచు కురుస్తుందని చదవాల్సొస్తే ఎలా నవ్వుతుందో అలా.

"అయ్యో... సారీ అండీ. మళ్ళీ చెప్తాను."

టక్.

అంతే. మళ్ళీ చెప్పించుకోలేదు ఆ రికార్డింగువాళ్ళు. ఎవరు వింటారులే అనుకుని అలాగే పడేశారు. మిగతా ముప్పై వాక్యాల్లోనూ ఉన్నది నేర్చుకున్న గొంతు, ఊరందరి గొంతు. ఇదొక్కటీ వాళ్ళింటి గొంతు.

పుష్పకుమారి ఏడవలేదట. మీట నొక్కింది.

"...సారీ అండీ. మళ్ళీ చెప్తాను."

నొక్కింది. చెప్పింది. మళ్ళీ నొక్కింది. ఆ పిల్ల నవ్వింది, చెప్పింది. పదకొండుసార్లు. పన్నెండోసారికి సంచి మెత్తబడిపోయింది.

"ప్రస్తుత ఉష్ణోగ్రత... మూడు డిగ్రీలు. చలి తీవ్రంగా ఉంది," అంది ఆ మర్యాద గొంతు.

ఐసు ఇంకా తెద్దామా, ఎర్రగడ్డ ఎంతసేపు అని అడిగింది పద్మప్రియ. పుష్పకుమారి తల అడ్డంగా ఊపింది. కరిగిన సంచి విప్పి కింద పెట్టింది. ముసుగు తీసి, పొడి కొసతో ఆ తడిసిన గూడుని తుడవడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. పైనుంచి కిందికి కొంచెం కొంచెం అద్దుతూ, మధ్యలో ఆగి పొడిబారిందో లేదో చేత్తో చూసుకుంటూ, మళ్ళీ అద్దుతూ.

"యంత్రాన్ని అలా తుడవరు," అంది పద్మప్రియ నాతో. "నాకు తెలియదా? అది తల తుడిచే తీరు."