మంత్రి పక్కన రెండు సున్నాలు

ఎదుటి జట్టు గుర్రం వచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఒకవైపు రాజుకు చెక్, ఇంకోవైపు మంత్రి మీద దెబ్బ. రెండింటిలో ఒక్కదాన్నే కాపాడుకోవడానికి వీలుంది.

ఉడత నిశ్చింతగానే ఉంది. ఆడేది తను కాదు కదా. ఆడేది 'మొండిఘటం'.

మొండిఘటం ఒక ప్రోగ్రాము. ఆ మధ్యాహ్నం స్కూలు కంప్యూటర్ గదిలో చదరంగం పోటీ జరుగుతున్నది పిల్లల మధ్య కాదు, పిల్లలు రాసిన ప్రోగ్రాముల మధ్య. ఆట మొదలయ్యాక పిల్లల పని చాలా తక్కువ. తెర మీద కనిపించిన ఎత్తును బల్ల మీది పావులతో వేసి చూపించాలి. అవతలివాళ్ల ఎత్తును కీబోర్డులో కొట్టాలి. అంతకు మించి వేలు పెట్టకూడదు. గట్టిగా నిట్టూర్చకూడదని కూడా కంప్యూటర్ సార్ నియమం పెట్టారు.

ఉడత అనే ఈ అమ్మాయి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. కాలూ చెయ్యీ ఒకచోట నిలవవు కాబట్టి ఉడత అయింది. జట్టులో రెండోవాడు సోడాబుడ్డి. అంత మందం కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి పిల్లలు ఇంకేమని పిలుస్తారు? ఆ పేరంటే వాడికి ఒళ్లు మంట. ఉడత మాత్రం 'సోడా' అని సగమే పిలిచేది. అంతవరకు వాడు ఓర్చుకునేవాడు.

ఇద్దరూ పని పంచుకున్నారు. ఏ పావు ఎంత విలువైనదో ప్రోగ్రాముకు అంకెల్లో చెప్పాలి. బంటుకు ఒకటి, గుర్రానికి మూడు, ఏనుగుకు అయిదు, మంత్రికి తొమ్మిది. రాజు పోతే ఆటే పోతుంది కాబట్టి రాజుకు వంద. ఈ అంకెల భాగం ఉడతది. అవతలివాడు తర్వాత ఏం వెయ్యగలడో ముందే చూసి, ఏ పావుకు ముప్పు ఉందో కనిపెట్టే భాగం సోడాబుడ్డిది. వాడు దాని మీద నెలల తరబడి కూర్చున్నాడు.

తెర మీద మొండిఘటం ఎత్తు కనిపించింది. ఉడత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మంత్రి మూలకు పారిపోయాడు. రాజు గుర్రం ఎదుట అలాగే నిలబడి ఉన్నాడు.

సార్ వంగి తెరను చూశారు. రాజుకు చెక్ ఉన్నప్పుడు రాజును వదిలేసి ఇంకో ఎత్తు వెయ్యకూడదని, ఇది చెల్లదని, ఆట పోయినట్టేనని చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. కానీ గదంతా ఒక్కసారిగా నవ్వింది.

"సోడాబుడ్డికి రాజు కనపడలేదురోయ్," అన్నారెవరో వెనక నుంచి. మళ్లీ నవ్వులు.

సోడాబుడ్డి లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ముప్పు చూసే భాగం నేను రాసిందే సార్. తప్పు నాదే," అన్నాడు.

తప్పు ఎవరిదో ఆ క్షణంలోనే ఉడతకు తెలిసిపోయింది.

ముందురోజు సాయంత్రం సోడాబుడ్డి తొందరగా ఇంటికి వెళ్లిపోయాడు. ఉడత ఒక్కతే కూర్చుని మొండిఘటాన్ని ఇంకో ప్రోగ్రాముతో ఆడించి చూసింది. మధ్యలో అది ఒక ఏనుగు కోసం, రెండు గుర్రాల కోసం మంత్రిని ఇచ్చేసింది. లెక్క ప్రకారం అది లాభమే. కానీ ఉడతకు మంత్రి అంటే ప్రాణం. అంత గొప్ప పావును అలా ఇచ్చేస్తారా? చేతులు ఊరుకోలేదు. తొమ్మిది పక్కన రెండు సున్నాలు తగిలించింది. తర్వాత ఆటలో మొండిఘటం మంత్రిని ఎవరికీ ఇవ్వకుండా గెలిచేసింది. సోడాకు చెప్పాలనుకుంది. గెలిచాక చెబితే ఇంకా బావుంటుంది కదా అనిపించి ఊరుకుంది.

రాజుకు వందే ఉందన్న సంగతి దాని బుర్రకు తట్టనేలేదు.

ఇప్పుడు చెప్పెయ్యాలి. నోరు తెరిచింది కూడా. కానీ అందరూ ఇంకా నవ్వుతున్నారు. ఆ నవ్వు తన వైపు తిరుగుతుందేమోనని భయపడి ఉడత మాటను మింగేసింది. బయట వాన మొదలైంది. సార్ తర్వాతి జట్లను పిలిచారు.

మర్నాడు కూడా ముసురు వదల్లేదు. వరండాలో సోడాబుడ్డి నడిచి వెళ్తుంటే వెనక నుంచి "రాజెక్కడ? రాజెక్కడ?" అని పాట కట్టారు. వాడు తల తిప్పలేదు. సాయంత్రం కంప్యూటర్ గదికి రాలేదు. తను కంప్యూటర్ క్లబ్బు మానేస్తున్నానని, ఉడతను ఇంకెవరితోనైనా కలపమని సార్‌తో చెప్పి వెళ్లాడట. "ఆ అమ్మాయి బాగా చేస్తుంది సార్, నా వల్ల పాడవకూడదు," అన్నాడట. సార్ ఈ మాట మామూలుగానే చెప్పారు. ఉడతకు మాత్రం ఎవరో చెంప ఛెళ్లుమనిపించినట్టు తగిలింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. తలనొప్పి అని అబద్ధం చెప్పింది ఉడత. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడయింది, అంతే. మనసు ఏమీ తేలికపడలేదు.

తర్వాతి రోజు స్కూలు అవగానే సోడాబుడ్డి ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. ముందు గదిలోనే మిషను, దాని పక్కన బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల. ఆ బల్ల చివర, ముక్కలూ పీలికలూ పక్కకు నెట్టి, సోడాబుడ్డి చదరంగం పరుచుకుని కూర్చున్నాడు. నల్ల మంత్రి ఎప్పుడో పోయాడు. ఆ స్థానంలో ఖాళీ దారపు రీలు నిలబెట్టి ఉంది.

"రామ్మా," అంది వాళ్లమ్మ, మిషను ఆపకుండానే. "నువ్వైనా చెప్పు వాడికి. రెండు రోజులుగా తిండి ధ్యాస లేదు. తప్పు దొరికేదాకా లేవనంటాడు."

సోడాబుడ్డి ముందు వాడి భాగం అచ్చువేసిన కాగితాలున్నాయి. ఒక్కో వరుస చదువుతూ, ప్రోగ్రాము చేసే లెక్కంతా తనే చేస్తూ, పావులు కదుపుతున్నాడు. గుర్రం మధ్యలోకి వచ్చింది. రాజుకు చెక్, మంత్రి మీద దెబ్బ. వాడు పెదాలు కదుపుతూ లెక్క వేసి, రాజును పక్కకు జరిపాడు.

"చూడు. ఎన్నిసార్లు చేసినా రాజే తప్పుకుంటున్నాడు," అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "మరి ఆ రోజు ఎందుకు తప్పుకోలేదు? ఎక్కడో తప్పుంది, నాకు కనపడట్లేదు. నిజంగానే నాకు కనపడదేమో."

ఉడతకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడు లేని తప్పు కోసం వెతుకుతున్నాడు. తను నోరు విప్పకపోతే ఎప్పటికీ వెతుకుతూనే ఉంటాడు.

"సోడా, తప్పు నీ కాగితాల్లో లేదు. మంత్రి విలువ నేను మార్చాను. నీకు చెప్పలేదు."

మిషను చప్పుడు ఆగింది.

"ఎంత పెట్టావ్?" అన్నాడు వాడు.

"తొమ్మిది వందలు."

సోడాబుడ్డి గుర్రాన్ని మళ్లీ మధ్యలో పెట్టాడు. రాజు వంద, మంత్రి తొమ్మిది వందలు అని మెల్లిగా అనుకున్నాడు. దారపు రీలును తీసి మూలకు జరిపాడు. రాజును ఉన్నచోటే వదిలేశాడు. ఆ గళ్లను చాలాసేపు చూశాడు.

"సరిపోయింది," అన్నాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ రోజే నీకు తెలుసా?"

ఉడత తలూపింది.

"అందరూ నవ్వుతున్నప్పుడు కూడా?"

ఉడత మళ్లీ తలూపింది. ఈసారి తల పైకెత్తలేకపోయింది.

"నువ్వు ఇంటికెళ్లు," అన్నాడు వాడు. కోప్పడి ఉంటే బావుండేదనిపించింది ఉడతకు. వాళ్లమ్మ గుమ్మం దగ్గర గొడుగు అందించింది, అంతే. ఉడత గొడుగు తెరవడం మరిచిపోయి సగం దారి తడుస్తూ నడిచింది.

పోటీలో చివరి ఆట వేరే జట్ల మధ్య. ఆ రోజు కంప్యూటర్ గది కిక్కిరిసిపోయింది. నవ్వినవాళ్లంతా అక్కడే ఉన్నారు. సోడాబుడ్డి రాలేదు. ఆట మొదలుపెట్టబోతుంటే ఉడత సార్ దగ్గరికి వెళ్లి, ఒక మాట చెప్పాలి అంది. తర్వాత చెప్పొచ్చు కదా అన్నారు సార్. ఇప్పుడే చెప్పాలి, అందరికీ చెప్పాలి అంది.

అందరి ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మొండిఘటం ఓడిపోయింది సోడాబుడ్డి వల్ల కాదు," అంది. అని, ఆగింది. ఆ పేరు పూర్తిగా పలికేసరికి తనకే చేదుగా అనిపించింది. హాజరుపట్టీలో ఉన్న వాడి అసలు పేరుతో ఆ మాటే మళ్లీ చెప్పింది. "మంత్రి విలువ నేను పెంచాను. వాడికి చెప్పకుండా. వాడు రాసినదాంట్లో ఒక్క తప్పు లేదు. మీరు వాణ్ణి చూసి నవ్వుతుంటే తెలిసి కూడా ఊరుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో ఒకడు చూపు నేల మీదికి దించాడు. ఇద్దరు గుసగుసలాడుకున్నారు. ఫలితం మారదని సార్ అన్నారు. ఆ సంగతి ఉడతకు తెలుసు. వెళ్లి గోడవారన కూర్చుంది. దాని పక్క కుర్చీ ఆ ఆట అయ్యేదాకా ఖాళీగానే ఉంది.

చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం సోడాబుడ్డి కంప్యూటర్ గదికి వచ్చాడు. సార్ కబురు పెడితే వచ్చాడు. ఉడత వైపు చూడకుండా అవతలి మూల కూర్చున్నాడు. వరండాలో పాట ఆగిపోయింది కానీ, వాడు మునుపటిలా మాట్లాడటం లేదు. ఉడత తెర మీద మొండిఘటం అంకెల వరుస తెరిచి ఉంది. మంత్రి పక్కన ఆ రెండు సున్నాలు ఇంకా అలాగే ఉన్నాయి. చెరిపెయ్యడం చిటికెలో పని. అయినా ఇన్నాళ్లూ చెరపలేదు.

లేచి వాడి దగ్గరికి వెళ్లింది. ఈసారి వాడి అసలు పేరుతోనే పిలిచింది.

"ఆ సున్నాలు తీసెయ్యనా?" అని అడిగింది. "నువ్వు చూసి చెబితేనే తీస్తాను."

వాడు లేచి వచ్చి ఉడత కుర్చీలో కూర్చున్నాడు. మొదటి వరుస నుంచి ఒక్కో అంకే చదవడం మొదలుపెట్టాడు.

"అంతా చూశాకే చెప్తాను," అన్నాడు, తల తిప్పకుండా.

"సరే," అంది ఉడత. పక్కన ఇంకో కుర్చీ లాక్కుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.