రెండంగుళాల తేడా

“ఇది ప్యాంటా, నా మీద పగా?”

బస్సు డిపో ఎదురుగా ఉన్న దర్జీ కొట్టులోకి వస్తూనే ఆమె అన్న మొదటి మాట అది. ఆమె బస్సు డ్రైవరు. ఆ నీలం యూనిఫాం కుట్టింది అతనే.

“ఎనిమిది గంటలు స్టీరింగ్ ముందు కూర్చోవాలండీ నేను. నడుం దగ్గర ఊపిరాడట్లేదు.”

అతను టేపు పెట్టి చూశాడు. ముప్పై రెండు. పుస్తకంలో ముప్పై అని ఉంది. తప్పు తనదే అనుకుని, కుట్లు విప్పి లూజు చేసిచ్చాడు.

పది రోజులకి మళ్ళీ ప్రత్యక్షమైంది.

“ఇప్పుడు జారిపోతోంది. బ్రేకు తొక్కేదా, ప్యాంటు పట్టుకునేదా?”

టేపు ముప్పై అంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

అప్పట్నుంచి ఆమె వచ్చినప్పుడల్లా కొలత పక్కన తేదీ కూడా రాసుకున్నాడు. అన్ని బస్సుల్లోనూ ఆమె బస్సు చప్పుడు మాత్రం వేరుగా వినిపించేది. సూది వేలికి గుచ్చుకోవడం ఎక్కువైంది.

నాలుగో నెలలో ధైర్యం చేశాడు.

“ఏమీ అనుకోకండి. నెలనెలా ఒకే వారంలో రెండంగుళాలు పెరిగి, మళ్ళీ తగ్గుతోంది. తప్పు నా కత్తెరది కాదేమో.”

ఆమె మొహం కందిపోయింది. “నా నెలసరి లెక్కలు మీరు రాస్తున్నారా?”

“అయ్యో! నేను రాసింది నడుం కొలతేనండీ!”

ఆమె ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులు ఆమె బస్సు కొట్టు ముందు నుంచే వెళ్ళింది. ఆమె చూపు మాత్రం ఇటు తిరగలేదు.

పదమూడో రోజు జోరువానలో, తడిసిన టోపీతో వచ్చి నిలబడింది.

“ఆ తేదీలు నాకు కావాలి.”

స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పింది. ఆ వారమంతా కడుపు ఉబ్బిపోయి మెలిపెడుతుంది. సెలవు అడిగితే సూపర్‌వైజర్ నాటకాలంటాడు.

“ఇద్దరు డాక్టర్లు టెన్షనన్నారు. నేనూ నమ్మేశా. డ్రైవింగ్ మానేస్తానని ఉత్తరం కూడా రాసిపెట్టుకున్నా. రేపు ఒక లేడీ డాక్టర్ని ఆఖరిసారి అడిగి చూస్తా.”

అతను తేదీలన్నీ తెల్లకాగితం మీద ఎక్కించిచ్చాడు.

వారం తర్వాత వచ్చినప్పుడు ఆమె నడకే మారిపోయింది.

“డాక్టరమ్మ మీ కాగితం చూసి, రోగులు ఇలా తెస్తే తన పని సగం అయిపోతుందంది. నెలసరి ముందు హార్మోన్ల వల్ల పేగుల కదలిక మందగిస్తుందట. ఇంకో సంగతి. పని అయిపోయిన ఈస్ట్రోజెన్ హార్మోను పేగుల్లోకి వస్తే, అక్కడి బ్యాక్టీరియా దాన్ని కొంత మళ్ళీ ఒంట్లోకి పంపిస్తుందట!”

“బ్యాక్టీరియాకి అంత పెత్తనమా?”

“మా సూపర్‌వైజర్ కన్నా ఎక్కువే. పోయినేడు పంటినొప్పికి యాంటీబయాటిక్స్ తెగ మింగాను. వాటివల్ల మంచి బ్యాక్టీరియా దెబ్బతిని, ఈ ఉబ్బరం పెరిగి ఉండొచ్చంది. ఖాయంగా మాత్రం చెప్పలేనంది. స్కాన్‌లో భయపడేదేం లేదు. పీచున్న తిండి కొద్దికొద్దిగా పెంచమంది. ఆ వారం చిన్న రూట్లు ఇమ్మని డిపోకి రాసిచ్చింది.”

“మరి మీ ఉత్తరం?”

“చింపేశా.”

అతను బల్ల కింద నుంచి ఆమె వదిలేసిన ప్యాంటు తీశాడు. నడుం లోపల, బయటికి కనపడకుండా ఎలాస్టిక్ వేసి ఉంది. ఆమె దాన్ని సాగదీసి చూసింది.

“ఇన్నాళ్ళకి నా ఒంటి మాట నమ్మింది మీ టేపొక్కటే.”

“టేపు కాదండీ.” మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు. “నేను. కొలతల పని లేని రోజుల్లో కూడా మీరొస్తారేమోనని గుమ్మంకేసి చూసేవాణ్ణి.”

బయట వాన సన్నగా పడుతోంది. ఆమె ప్యాంటు మడత పెట్టడానికి అక్కర్లేనంత సేపు తీసుకుంది.

“ఆదివారం కొట్టు మూస్తారా?”

“మూస్తాను.”

“అయితే నా బస్సెక్కండి. చివరి స్టాపు దాకా.”

“మరి తిరిగి రావడం?”

“నేనే తీసుకొస్తాగా.”

ఆదివారం మొదటి బస్సు ఆరున్నరకి. అతను అయిదున్నరకే స్టాపులో ఉన్నాడు.