తడి చేతుల మందు

పదకొండో అరలో పెంచిన పలుచని చర్మపత్రాన్ని భానుజ పటకారుతో ఎత్తి దీపం ముందు పట్టుకుంది. నలభై ఒకటో మందు ఎండి పొట్టులా రాలిపోతోంది. కింద పగుళ్ళు అలాగే ఉన్నాయి. మిగతా పది అరల్లోనూ ఇంతే.

"నలభై ఒకటి విఫలం," అంది గోడలోంచి తూనిక. "మధ్యాహ్నం పన్నెండింటికి నిల్వలూ సూత్రమూ చెరిపివేత." దేశంలోని పంతొమ్మిది కేంద్రాల్లో ఏ చర్మానికి ఏ మందు పనికొస్తుందో తొమ్మిదేళ్ళుగా తేలుస్తున్నది ఆ యంత్రమే.

పదింటికి నూకరత్నం వచ్చింది. కాకినాడ దగ్గర రొయ్యల షెడ్డులో పదహారేళ్ళుగా ఒలుపు పని ఆమెది. ఈ పత్రాలన్నీ ఆమె చేతినుంచి ఆవగింజంత చర్మం తీసి పెంచినవే. నెల రోజులుగా అదే మందును ఆమె తన చేతులకూ రాసుకుంటోంది.

"ఈ మందు ఆపేస్తున్నామండీ, నూకరత్నం గారూ. పని చెయ్యలేదు."

"అదేంటండీ. ఎడం చెయ్యి చూడండి ముందు."

ఎడం చేతి వేళ్ళ సందుల్లో లేత చర్మం నిగనిగలాడుతోంది. కుడిచేయి మాత్రం నెల కిందటిలాగే చీలి, ఎర్రగా ఉంది.

"ఏం చేశారు?"

"తిడతారని చెప్పలేదండి. తడి తగలకూడదన్నారు గదా. నెల్లాళ్ళు మానేస్తే నా పీటమీద ఇంకోర్ని కూచోబెట్టేస్తారండి. అందుకని కుడిచేతికి తొడుగేసుకెళ్ళాను. రొయ్యని పట్టుకునే చేతికేస్తే జారిపోద్దండి, దాన్నొదిలేశాను."

"ఐసునీళ్ళలోనా?"

"ఐసూ, ఉప్పూ. మీ మిషనెప్పుడన్నా రొయ్య ఒలిచిందేటండీ? మా చేతులు ఎండేది ఆదివారమేనండి."

భానుజ నవ్వబోయి ఆగిపోయింది. ఇంకా మందు పూయని పన్నెండో పత్రానికి మందు పూసి, ఉప్పు కలిపిన మంచునీళ్ళలో ముంచింది. ఇద్దరూ దాన్ని వెయ్యింతలు పెద్దదిగా చూపే తెర ముందు నిలబడ్డారు. పొడిలో ముడుచుకుపోయిన మందు రేణువులు ఉప్పు తగలగానే విచ్చుకున్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని పగులుకు అడ్డంగా అల్లుకున్నాయి. నలభై నిమిషాలకు అంచులు కలిశాయి.

"అతుక్కుపోయిందండి," అంది నూకరత్నం మెల్లగా.

"చెల్లదు," అంది తూనిక. "ప్రమాణం పొడి చర్మం. మార్చాలంటే ప్రధాన పరిశోధకురాలి వేలిముద్ర కావాలి. మారిస్తే ఇంతవరకు నెగ్గిన మందులన్నీ మళ్ళీ పరీక్షకు వస్తాయి. వాటిలో మూడు మీవి."

ఒక్కోదానికి మూడేళ్ళు పట్టింది. వాటిని రాసుకునే చేతులు పగలంతా ఏ నీళ్ళలో ఉంటాయో భానుజ ఎన్నడూ అడగలేదు.

"మీకేమన్నా ఇబ్బందా అమ్మా?" అంది నూకరత్నం.

"కొంచెం," అని భానుజ వేలు గోడకున్న ముద్ర పలకమీద ఆనించింది.

"కొత్త ప్రమాణం చెప్పండి," అంది తూనిక.

"పని చేసే చెయ్యి."

"నిర్వచనం లేదు."

"రాసుకో. రొయ్యలు ఒలిచేది. బట్టలు ఉతికేది. సిమెంటు కలిపేది." భానుజ పక్కకు తిరిగింది. "ఇంకా ఎవరివండీ?"

"చాలా మందివండి. టిఫిను బండి దగ్గర గిన్నెలు తోమేవాళ్ళని రాయమనండి. ఆ తర్వాత మా చేపల మార్కెట్టు."

పంతొమ్మిది కేంద్రాల్లో ఆరబెట్టే గాలి ఒక్కసారిగా ఆగింది. అరల్లోకి నీళ్ళు ఎక్కసాగాయి. తూనిక చెరిపివేత మానేసి వింటోంది. నూకరత్నం చెబుతూనే ఉంది.