ఉత్తుత్తి ఊరు

ఇంద్రావతి ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం శ్రీరంగానిది. భోపాల్‌పట్నం అడవిలో కొత్తగా పెట్టిన జంగిల్ వార్‌ఫేర్ క్యాంపులో అతడు తూటాల స్టోర్‌కీపర్. మెడ చుట్టూ తీగ బిగించిన గుర్తు. మొలతాడుకు ఉండాల్సిన తాళాలు లేవు.

“హంతకుడికి కావలసింది తాళాలు,” అన్నాడు చీఫ్. “బస్తర్ సంస్థానంలో శత్రువుల రింగ్ ఒకటి పనిచేస్తోంది. స్టోరులో వాళ్లు ఏం మార్చబోతున్నారో కనిపెట్టు.”

ఏజెంట్ ట్వెల్వ్, అసలు పేరు భీమశంకరం, తలూపాడు. అతడు పుట్టింది భోపాల్‌పట్నంలోనే. ఇప్పుడు సొంత అన్న కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లినా పలకరించకూడదు. ఈ ఉద్యోగం మీద అతడికి అసహ్యం పుట్టి చాలా కాలమైంది.

“అసలేం క్యాంపు అది?”

“పూర్వం సిపాయిలు కొయ్యకత్తులతో నేర్చుకునేవాళ్లు. తర్వాత ఆఫీసర్లు ఇసుకబల్ల మీద సీసపు బొమ్మలు జరిపారు. ఇప్పుడు పైలట్లు నేల వదలని పెట్టెలో కూర్చుని మబ్బుల్లో ఎగరడం నేర్చుకుంటున్నారు. ఇక్కడైతే ఏకంగా ఊరే ఉత్తుత్తిది. బర్మా యుద్ధానికి పోయే సిపాయిల కోసం వెదురుతో బర్మా పల్లె కట్టారు. అక్కడ నీ కాంటాక్ట్ జ్ఞానప్రసూన. బెజవాడ నాటకాల హీరోయిన్. రింగ్‌లో చేరి మనకు కబుర్లు అందిస్తోంది.”

“డబుల్ ఏజెంటా? నమ్మొచ్చా?”

“నమ్మకం కాదు, వేరే దిక్కు లేదు.”

భీమశంకరం లౌడ్‌స్పీకర్ మెకానిక్ వేషంలో క్యాంపు చేరాడు. చెట్లకు స్పీకర్లు, వాటిలో తుపాకుల మోత వినిపించే రికార్డులు. కిటికీల్లో తాడు లాగితే లేచే గడ్డి సిపాయిలు. ఆ బొమ్మల మధ్య శత్రువుల టోపీలు పెట్టుకుని, చలికి గొంగళ్లు కప్పుకున్న నలభై మంది మనుషులు. ఈ ఉత్తుత్తి ఊరి కోసం ఖాళీ చేయించిన అసలు ఊరివాళ్లే వాళ్లు. తమ పొలాల్లోనే ఇప్పుడు పరాయి సైన్యంగా నటిస్తున్నారు. దొరలకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

వాళ్లకు నటన నేర్పుతున్న జార్జెట్ చీర మనిషి దగ్గరికి వెళ్లి కోడ్ చెప్పాడు.

“ఈ రికార్డుకి రెండో వైపు ఏముందండీ?”

“గీతలే,” అని నవ్వింది జ్ఞానప్రసూన. “తాళాలు దొరికాయి. స్టోరు నేనే చూశాను. అంతా క్లీన్.”

మర్నాడు ఉదయం ఎక్సర్‌సైజ్ మొదలైంది. పక్కనుంచి వెళ్తున్న ఒక సిపాయి చేతిలోంచి తూటా జారిపడింది. భీమశంకరం తీసి చూశాడు. ఎక్సర్‌సైజ్‌లో వాడాల్సినవి చప్పుడు మాత్రమే చేసే ఖాళీ తూటాలు; వాటికి మూతి నొక్కి ఉంటుంది. దీనికి సీసం ముక్కు ఉంది.

ఎక్సర్‌సైజ్ నడిపే మేజర్ మంచె మీద ఉన్నాడు. భీమశంకరం పరుగున ఎక్కి అతడి ముందు నిలబడ్డాడు. “ఆపండి సార్! అన్నీ లైవ్ రౌండ్లు!”

మేజర్ పగలబడి నవ్వాడు. “వెరీ గుడ్! ‘మెకానిక్ వేషంలో శత్రు గూఢచారి వచ్చి, తూటాలు నిజమైనవని అరుస్తాడు. ఎవరూ నమ్మకూడదు.’ మేడమ్ స్క్రిప్ట్‌లో ఉన్నదే ఇది.”

భీమశంకరం ఆమె వైపు తిరిగాడు. పక్కనే నిలబడ్డ జ్ఞానప్రసూన పమిట చాటు నుంచి పిస్తోలు తీసి, అతడికి మాత్రమే వినబడేలా తెలుగులో అంది. “సర్కారు సిపాయిలు ఊరికి ఊరినే కాల్చేశారంటే అడవంతా తిరగబడుతుంది. కదలకు.”

అతడు జేబులోని గ్యాస్ పెన్ను నొక్కాడు. తుస్సుమంది. గ్యాస్‌కు ఆమె దగ్గుతూ కూలిపోయింది. మేజర్ చప్పట్లు కొట్టాడు.

భీమశంకరం మేజర్ ముందున్న మైకు లాక్కున్నాడు. “నిజం తూటాలు! పడుకోండి!”

ఊరంతా నవ్వింది. “ఏందే, అమ్మగారు చెప్పిన దొంగ మెకానిక్కు ఈడేనా? మంచిగ అరుస్తుండు!” అంది ఊరివాళ్లలో ఒకతె, సమ్మక్క.

సిపాయిలు తుపాకులు ఎత్తారు. నిజం చెబితే నమ్మే దారి లేకుండా చేసింది జ్ఞానప్రసూన. ఇక మిగిలింది అబద్ధమే. చిన్ననాటి భాష గొంతులోకి తన్నుకొచ్చింది.

“తేనెటీగలు లేసినయ్! గొంగళ్లు కప్పుకొని బోర్ల పడుండ్రి! కదిల్తే కుడ్తయ్!”

ఆ కేకతో ఈ అడవిలో ఎవరూ వేళాకోళం ఆడరు. ఒక్క క్షణంలో ఊరు ఊరంతా నేలకు కరుచుకుంది. తూటాలు వాళ్ల మీదుగా పోయి వెదురు గోడల్ని చీల్చాయి. గడ్డి సిపాయి తల ఎగిరిపోవడం చూసి ముందు వరస కుర్రాళ్లు బెదిరి తుపాకులు దించేశారు.

కుట్ర విఫలమైంది. నలభై శవాలతో లేవాల్సిన అడవి ఒక్క శవంతో లేవదు.

ఆ ఒక్కడూ రామనర్సయ్య, సమ్మక్క మొగుడు. కావలివాడి వేషంలో నిచ్చెన మీద ఉన్నాడు. దిగేలోపే తగిలింది.

సమ్మక్క అతడి భుజం కుదుపుతోంది. “లేవయ్యా. ఈగలు పోయినయ్. ఆట గూడ అయిపోయింది. అందరూ లేసిండ్రు.”

భీమశంకరం అక్కడికి వెళ్లాలనుకున్నాడు. మంచె మీంచి రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. తన గొంతు విన్నాకే రామనర్సయ్య నిచ్చెన దిగబోయాడు.

మేజర్ బైనాక్యులర్స్ దించకుండానే మెచ్చుకోలుగా అన్నాడు. “అందరూ లేచినా ఆ నిచ్చెన దగ్గరవాడు ఇంకా లేవలేదు, చూశారా? ఎంత డిసిప్లిన్! వచ్చే బ్యాచ్‌కి కూడా అతన్నే పిలిపించండి.”