సుంకం ఇల్లు తగలబడిన శనివారం

శవం అటక మీద దొరికింది. అటక అనడానికి అక్కడ మిగిలింది నాలుగు దూలాలు, రెండు మొండి గోడలు.

చనిపోయిన మనిషి పేరు వాలెంటిన్ ప్రొహాస్కా. పాత గోడబొమ్మల మసి వదిలించి, వాటికి మళ్లీ రంగు తెప్పించే నిపుణుడు. పురాతన కట్టడాల శాఖ అతన్ని వియన్నా నుంచి పంపింది. ఒంటి మీద కాలిన గాయాలు తక్కువే. పొగకు ఊపిరాడక పోయాడని డాక్టర్ చెప్పాడు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ రెనాటే హొలుబ్ తడి బూడిదలో నిలబడి ఆ గోడ వైపు చూసింది. మసి మధ్యలో అరచేతి మేర నీలం రంగు. దాన్ని బయటికి తీస్తూ పోయాడన్నమాట.

లుర్న్‌బాహ్ ఊరికి చెప్పుకోవడానికి ఉన్నది ఈ సుంకం ఇల్లు ఒక్కటే. ఒకప్పుడు ఉప్పు బండ్లు కొండ ఎక్కే ముందు ఇక్కడ ఆగి సుంకం కట్టేవి. గోడకు రక్షిత కట్టడమని ఎరుపూ తెలుపూ పలక. పండగనాటి ఉపన్యాసాల్లో అది ఊరికి మణి. ఉపన్యాసం అయ్యి బీరు చేతిలోకి రాగానే అదే ఇల్లు రోడ్డు మలుపులో కూర్చున్న శని. పైకప్పు జారిపోతుంటే ఒక్కడూ నిచ్చెన వేసిన పాపాన పోలేదు. పలకను మాత్రం ఏటా తుడిచేవారు.

రెనాటే ఇలాంటి ఊళ్లోనే పుట్టింది. అందుకే ఇలాంటి ఊళ్లంటే ఆమెకు ఒళ్లుమంట.

ఆదివారం పేపర్లో మొదటి పేజీ ఫోటో. మేయర్ హార్ట్‌విగ్ లోయ్‌డోల్ట్ మండుతున్న గుమ్మంలోంచి బయటికొస్తున్నాడు. చేతుల్లో చెక్క విగ్రహం. నిప్పు నుంచి ఇళ్లను కాపాడే ఫ్లోరియాన్ స్వామి. ఇల్లు కాలిపోయింది, స్వామి దక్కాడు. పై అంతస్తులో మనిషి చచ్చిపోతుంటే కింద బొమ్మను ఎత్తుకొచ్చిన వాడికి ఊరు చప్పట్లు కొట్టింది.

ఫైర్ దళం నాయకుడు కిలియన్ బూడిద తవ్వించి చూపించాడు. మంట మొదలైంది వెనకాల కట్టెల కొట్టులో, సరిగ్గా మెట్ల కింద. అక్కడ రాతిపలక మీద నల్ల మైనం ముద్ద కరిగి గడ్డకట్టి ఉంది.

"నల్ల కొవ్వొత్తి" అన్నాడు కిలియన్. "పిడుగు పడకుండా ఉరుములప్పుడు కిటికీలో వెలిగిస్తాం. ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది."

"శనివారం ఉరిమిందా?"

"లేదండీ. ఎండ కాసింది."

"మరెవరు వెలిగించారు?"

కిలియన్ తల గోక్కున్నాడు. జవాబు మాత్రం ఊరంతటి దగ్గరా సిద్ధంగా ఉంది. నోట్‌బుర్గా.

నోట్‌బుర్గా రీగ్లర్ డెబ్బై దాటిన వితంతువు. చచ్చేదాకా సుంకం ఇంట్లో ఉండే హక్కు ఆమెకు పత్రంలో రాసి ఉంది. ఇల్లు రక్షిత కట్టడం కాబట్టి కూల్చకూడదు. నోట్‌బుర్గా బతికుండగా ఖాళీ చేయించకూడదు. ఆ మలుపులో సూపర్‌మార్కెట్ కడతామని ఒక కంపెనీ రెండేళ్లుగా తిరుగుతోంది. ఊరు రెండేళ్లుగా ఆ ఇంటి వంక, ఆ ముసలావిడ వంక చూస్తూ నిట్టూరుస్తోంది.

రెనాటే అందరినీ విడివిడిగా కదిపింది. అందరి నోటా ఒకటే పాట. ముసలావిడకు మతి తప్పింది. మొన్న తాళంచెవి మరిచిపోయింది, నిరుడు పాలు పొంగించింది. వారసత్వ సంఘం అధ్యక్షుడు ఏగాన్ వుర్మ్, రిటైరైన బడిపంతులు, అరగంట ఏకధాటిగా ఆ ఇంటి చరిత్ర చెప్పాడు. అటక మీది బొమ్మ గురించి అడిగితే గొంతు సవరించుకున్నాడు. అటక ఎప్పుడైనా ఎక్కారా అంటే మోకాళ్ల నొప్పులన్నాడు. ఆ ఇంటి మీద పుస్తకం రాసిన పెద్దమనిషి!

మేయర్ మాత్రం ముసలావిడ పేరెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, కావాలని చేసిందని నేనెందుకంటానండీ? వయసు అలాంటిది. పట్నంలో వృద్ధాశ్రమం వాళ్లతో మాట్లాడాను. మంచం కూడా చూసిపెట్టాను."

"చాలా తొందరగా చూశారే."

"మేయరన్నాక చూడొద్దా మరి?"

"మీరప్పుడు ఎక్కడున్నారు?"

"పదకొండున్నర నుంచి ఒట్టీలియా హోటల్లోనే ఉన్నాను. కిలియన్, పంతులుగారు, నేను. మా బల్ల మారదు, మా శనివారం మారదు."

హోటలు నడిపే ఒట్టీలియా ఆ మాట నిజమేనంది. ముగ్గురికీ అట్టు ముక్కల సూప్ పెట్టిందట. పన్నెండూ ఇరవైకి సైరన్ మూడుసార్లు మోగింది, అందరూ పరిగెత్తారు. చెబుతూ చెబుతూ ఆవిడ మధ్యలో నవ్వేసింది.

"ఇంత దుఃఖంలో నవ్వకూడదు గానీ, అంతకుముందు పన్నెండింటి సైరన్‌కే మేయర్ గారు చెంచా పడేసి బయటికి ఉరికారండీ. కిలియన్ అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. కాసేపటికి ఆయనే ఇకిలిస్తూ తిరిగొచ్చారు."

రెనాటే కూడా కొంచెం నవ్వింది. తర్వాత ఆ సంగతి మర్చిపోయింది. ఆ మరుపుకి ఆమె తరవాత తనను తాను బాగా తిట్టుకుంది.

నోట్‌బుర్గాను చర్చి వెనక గదిలో ఉంచారు. తెచ్చుకున్నది ఒక చేతిసంచీ, పూలకు నీళ్లు పోసే డబ్బా. మంటల వేళ ఆవిడ శ్మశానంలో మొగుడి సమాధి దగ్గర పూలకు నీళ్లు పోస్తోంది. అందుకే ఆ డబ్బా మిగిలింది.

"నల్ల కొవ్వొత్తి మీదేనా అమ్మా?"

"నాది మా అక్క శవపేటికలో పెట్టి పంపాం తల్లీ, నిరుడు. అలాగనే అనుకుంటున్నాను." ఆవిడ వేళ్లు సంచీ తాడును మెలిపెడుతున్నాయి. "కానీ ఊరంతా నేనే అంటోంది. అందరూ అబద్ధమాడతారా? నేనే వెలిగించి మర్చిపోయానేమో. ఆ పిల్లాడికి పొద్దున రొట్టె, వెన్న పెట్టాను. మీ గోడ మీద దేవతలున్నారు అవ్వా అని మురిసిపోయాడు. వాణ్ని నేనే చంపుకున్నానేమో."

"మీకు గుర్తుందా, లేదా?"

"గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే రోగమంటున్నారుగా." ఆవిడ నీళ్ల డబ్బాను దగ్గరికి లాక్కుంది. "ఊరి వాళ్లని ఏమీ అనకు తల్లీ. మంచివాళ్లే. ఆ రోజు మేయర్ గారు కూడా దారిలో ఆపి, ఇంటి దగ్గర అంతా బాగేనా అని అడిగారు. ఎన్నేళ్లయిందో ఆయన నన్ను పలకరించి."

నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు. అన్నీ ఆవిడ వైపే చూపిస్తున్నాయి. అన్నిటికన్నా ముందు ఆవిడే ఒప్పుకోవడానికి తయారుగా ఉంది. ఆ ఒప్పుకోలు మీద సంతకం పడితే ఊరికి చేతులు కడుక్కోవడమే మిగులుతుంది. పై అధికారి రోజూ ఫోన్ చేసి, ఇంకా ఏం తేల్చాలని అడుగుతున్నాడు. శనివారం సంతకం పెట్టించుకుని, ముసలావిడను పట్నం తీసుకెళ్లాలని నిర్ణయమైంది.

శనివారం వచ్చింది. రెనాటే ముందు హోటల్‌కి వెళ్లింది. కడుపులో ఏదైనా పడకుండా ఆ పని చేయబుద్ధి కాలేదు. మూల బల్ల దగ్గర ఆ ముగ్గురూ ఉండనే ఉన్నారు. వారం క్రితం ఊళ్లో మనిషి చచ్చాడు, వీళ్ల బల్ల మారలేదు. గల్లాపెట్టె పక్కన ఫ్లోరియాన్ స్వామిని నిలబెట్టారు. మెడలో పూలదండ.

ఒట్టీలియా సూప్ తెచ్చి పెట్టింది. రెనాటే చెంచా ఎత్తింది.

సైరన్ మోగింది.

చర్చి పక్క ఫైర్ స్టేషన్ మీద, ఊరు ఊరంతా అదిరేలా. పదిహేను సెకన్లు. ఆగిపోయింది.

ఎవరూ తలెత్తలేదు. కిలియన్ పేకముక్క వేశాడు. పంతులు ముక్కు తుడుచుకున్నాడు. ఒట్టీలియా గోడ గడియారం చూసి ముల్లు కొంచెం వెనక్కి తిప్పింది. రెనాటే చెంచా కూడా ఆగకుండా నోట్లోకి వెళ్లింది. ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్లు పనిచేస్తున్నాయో లేదో దేశమంతా పరీక్షిస్తారు. నిజం మంటయితే మూడుసార్లు మోగుతుంది. ఒక్కసారి మోగి ఆగితే శనివారం వచ్చిందని అర్థం. ఉయ్యాలలో పసిపిల్లలు కూడా దానికి లేవరు.

చెంచా గిన్నెలోకి దిగింది. ఇక పైకి లేవలేదు.

రెనాటే లేచి బయటికి వెళ్లి రెండు ఫోన్లు చేసింది. చర్చి గదికి వెళ్లి తిరిగొచ్చేసరికి పక్కన నోట్‌బుర్గా ఉంది, సంచీతో సహా. మూల బల్ల వాళ్లు ఆవిడను చూసి కుర్చీల్లో సర్దుకున్నారు. కూర్చోమని ఒక్కడూ అనలేదు. రెనాటే తన కుర్చీ లాగి ఆవిడను కూర్చోబెట్టింది.

"కిలియన్ గారూ. ఇప్పుడు సైరన్ మోగింది. మీరు ఫైర్ దళం నాయకుడు. లేవలేదేం?"

"శనివారం కదండీ" అన్నాడు కిలియన్, పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ.

"పంతులుగారూ, మీరు?"

"టెస్టుకి ఎవరు లేస్తారు?"

"ఎవరూ లేవరు. పోయిన శనివారం ఒకరు లేచారు." రెనాటే మేయర్ వైపు తిరిగింది. "ఎందుకు లేచారు?"

మేయర్ నవ్వాడు. "ముప్పై ఏళ్లు ఫైర్ దళంలో ఉన్నాను. అలవాటండీ."

"ముప్పై ఏళ్లలో ప్రతి శనివారం లేచారా? ఒట్టీలియా గారూ, అంతకుముందు ఎప్పుడైనా లేచారా?"

"ఎప్పుడూ లేదు" అంది ఒట్టీలియా. "అందుకేగా నవ్వాం."

"సైరన్ మోగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్న వాడికి ఇది ఏ రోజో గుర్తుండదు. మోగింది, అంతే. మంట అప్పుడే బయటపడిందా అని గుండె జారి బయటికి ఉరుకుతాడు. పన్నెండింటికి ఈ ఊళ్లో ఎక్కడా పొగ లేదు. కట్టెల కొట్టులో కొవ్వొత్తి ఇంకా కరుగుతోంది. అది అక్కడ ఉందని తెలిసింది ఒక్కడికే."

పేకముక్కలు బల్ల మీద పడ్డాయి. కిలియన్ మేయర్ నుంచి కొంచెం దూరం జరిగాడు. వారం రోజులు భుజాన మోసిన మనిషి పక్కనుంచి జరగడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది.

"లేచి పరిగెత్తితే హంతకుడంటారా?" మేయర్ గొంతు పెంచాడు. "కోర్టులో నవ్వుతారు."

"మీ ఇంటి నల్ల కొవ్వొత్తి ఎక్కడ?"

"మా ఆవిడను అడగాలి."

"మావాళ్లు ఇప్పుడే అడిగారు. మొన్న ఉరుములకు ఇల్లంతా వెతికిందట. ఎవరు తీశారో తెలియదని మీ మీదే విసుక్కుంటోంది."

మేయర్ బల్ల చుట్టూ చూశాడు. ఎవరైనా తన తరఫున ఒక మాట అంటారేమోనని చూశాడు. పంతులు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"నేను ఊరి కోసమే చేశాను" అన్నాడు చివరికి. "ఆ కొంప కూలాలని మీరంతా కోరుకున్నారు. ఒక్కడైనా కాదనండి. ఇల్లు ఖాళీ అనుకున్నాను. ముసలమ్మ శనివారం శ్మశానానికి పోతుంది. ముందర కారు లేదు. వాడు బస్సులో వచ్చాడని నాకెలా తెలుస్తుంది? లోపల మనిషున్నాడని తెలిస్తే చేసేవాణ్నా? దేవుడి మీద ఒట్టు."

ఊరి కోసమట! కానీ తెలియదన్న మాట కోర్టులో నిలుస్తుందని రెనాటేకు తెలుసు. తెలియక జరిగిన చావు. కొన్నేళ్ల శిక్ష. బయటికొచ్చాక మళ్లీ ఇదే బల్ల.

అప్పుడు నోట్‌బుర్గా మాట్లాడింది. గొంతు ఎత్తలేదు.

"తెలుసుగా బాబూ. నేను చెప్పానుగా."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఈ గుమ్మం దగ్గరే. సైరన్ అప్పుడే ఆగింది. నేను నీళ్ల డబ్బాతో శ్మశానానికి పోతున్నాను. మీరు గబగబా బయటికొచ్చి మా ఇంటి వైపు చూశారు. నన్ను చూసి, ఇంటి దగ్గర అంతా బాగేనా అన్నారు. బాగే బాబూ, పిల్లాడు అటక మీద బొమ్మ తుడుస్తున్నాడు అన్నాను. సరే సరే అని లోపలికెళ్లారు."

మేయర్ గుమ్మం వైపు చూశాడు.

మంట బయటపడడానికి అప్పటికింకా ఇరవై నిమిషాలు. సుంకం ఇల్లు రోడ్డుకి అవతల. వెళ్లి ఆ కొవ్వొత్తిని రెండు వేళ్లతో నలిపేస్తే సరిపోయేది.

రెనాటే బేడీలు తీసింది. కిలియన్ లేచి నిలబడి మేయర్ పక్క కుర్చీని కాలితో దూరంగా తోశాడు. ఇంత ధైర్యం పోయిన వారం ఉంటే ఎంత బాగుండేదో.

నోట్‌బుర్గా మెల్లిగా లేచి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లింది. ఫ్లోరియాన్ స్వామి మెడలోంచి దండ తీసి బల్ల మీద పెట్టింది. విగ్రహాన్ని చంకన పెట్టుకుంది. అది ఆవిడ ఇంటిది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"నేను కాదన్నమాట" అంది రెనాటేతో.

"మీరు కాదమ్మా."

ఆవిడ తల ఊపింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఏదో అర్థం కానట్టు ఒట్టీలియా వైపు తిరిగింది.

"నాతో మాట్లాడి లోపలికి వచ్చాక ఏం చేశాడమ్మా?"

ఒట్టీలియా తల దించుకుంది.

"సూప్ చల్లారిందన్నాడు. వేడి చేసి ఇచ్చాను. తిన్నాడు."