ఆదాయ పరిమితి

ఆదివారం పొద్దున పెద్దమ్మాయి వంటింటి బల్ల మీద టీ గ్లాసులు పక్కకి జరిపి ఫారం పరిచింది. ఏటా ఇదే వరస. ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యం ఆగకుండా రావాలంటే, ఇంట్లో ఎవరికెంత వస్తోందో మళ్ళీ రాసివ్వాలి. ఆఫీసు కాగితం అంటేనే అమ్మకి భయం. అందుకే రెండేళ్ళుగా ఆ పని పదిహేనేళ్ళ పెద్దమ్మాయి మీద పడింది.

అమ్మ పని ఆస్పత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్లోకి ఎక్కించడం, అటునుంచి వచ్చినవి మడతపెట్టడం. తొమ్మిదేళ్ళుగా అదే మెషిను, అదే చోటు. నాన్న ఇళ్ళకి రంగులు వేసేవాడు. నిచ్చెన మీంచి పడి నడుం దెబ్బతిన్నాక వీధి చివర చెప్పుల కొట్లో ఒంటిపూట పనికి కుదిరాడు. ఏడేళ్ళ చిన్నదానికి పుట్టినప్పటినుంచీ ఆయాసం. భత్యం కార్డు ఉండబట్టి దాని మందులూ, పిల్లల స్కూలు బస్సూ ఉచితంగా వస్తున్నాయి.

"అమ్మా, జీతం కాగితం ఏదీ?"

"నా సంచిలో చూడవే, పక్క జేబులో ఉంటుంది."

సంచిలో పెద్దమ్మాయికి ఇంకో కాగితం దొరికింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"మధ్యాహ్నం షిఫ్టుకి నిన్ను ఇన్‌ఛార్జిగా వేస్తామంటున్నారు. మూడోసారి అడుగుతున్నామని రాశారు. రేపటిలోగా చెప్పాలట. కింద నువ్వు 'వద్దు' అని సంతకం కూడా పెట్టేశావేంటి?"

అమ్మ తోముతున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది. నాన్న పేపరు దించాడు.

"మూడోసారా? నాకొక్కమాటైనా చెప్పలేదే!"

"చెబితే ఏం చేస్తారు? ఆ జీతం తీసుకుంటే పరిమితి దాటిపోతాం. పెరిగేది పిసరంత. పోయేది భత్యం, దానితో పాటు స్కూలు బస్సు, చిన్నదాని మందులు. మీకు చెబితే మీ నడుముని తిట్టుకుంటూ కూర్చుంటారు. అది వినే ఓపిక నాకు లేదు."

"మరి ముందు నువ్వు వద్దన్న పొద్దుటి షిఫ్టుకి ఎవరిని వేశారు?" అంది పెద్దమ్మాయి.

అమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"నిన్నగాక మొన్న చేరిన పిల్లని. దానికి మడతపెట్టడం నేర్పింది నేనే. 'అక్కా, కాస్త చెయ్యి ఆడించు' అంటుంది. మంచి పిల్లే పాపం. కానీ ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించదు."

పెద్దమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి. కలం బల్ల మీద విసిరికొట్టింది.

"మా కోసమేగా ఇదంతా! నాకక్కర్లేదు. ఫారంలో నా పేరు కొట్టెయ్. స్కూలు మానేస్తా. బేకరీలో మనిషి కావాలని బోర్డు పెట్టారు."

"నోర్ముయ్!" అమ్మ గొంతు పక్కింటిదాకా వినిపించింది. "నువ్వు స్కూలు మానితే నీ వంతు భత్యం పోతుంది. పనిలో చేరితే నీ జీతం కూడా లెక్కలో కలిపేస్తారు. అటు తిరిగినా గోడే, ఇటు తిరిగినా గోడే. నేను ఆలోచించలేదనుకున్నావా? ఆ రోలర్ ముందు నిలబడి ఇన్నేళ్ళూ నేను చేస్తున్నది ఆ ఆలోచనే!"

గుమ్మం దగ్గర చిన్నది నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"అమ్మా, భత్యం ఆగిపోతే నేను దగ్గకూడదా?"

అమ్మ తడిచేతులతోనే దాన్ని దగ్గరికి లాక్కుంది. జుట్టు నిమిరింది.

అప్పుడు నాన్న మెల్లగా నోరు విప్పాడు.

"నేనూ ఒకటి దాచాను. కొట్టు యజమాని రోజంతా ఉండమని ఏడు నెలల్నుంచి అడుగుతున్నాడు. కూర్చుని చేసే పనే. నడుం సహకరించదని తప్పించుకున్నా. నడుం బాగానే ఉంది. పరిమితికి భయపడ్డాను, అంతే."

"మరి పనయ్యాక ఇంటికి రాకుండా మధ్యాహ్నాలు ఎక్కడుంటున్నారు?" అంది అమ్మ.

"లైబ్రరీలో. ఇంటికి త్వరగా వస్తే, ఇది దాచిపెట్టుకుని నీ మొహం చూడాలిగా."

అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఏడు నెలలా! నేనక్కడ ఉక్కలో ఉడికి చస్తుంటే నా దగ్గరే దాచారా?" అనేసింది. అన్నాక సంచిలోంచి తీసిన ఆ కాగితం మీద తన సంతకం కనిపించింది. తను చేసిందీ అదే. పక్క పక్కనే పడుకుంటూ ఇద్దరూ ఒకే భయాన్ని ఎవరికి వారు మోశారు. ఆమె కుర్చీలో కూలబడి కొంగులో మొహం దాచుకుంది.

పెద్దమ్మాయి కలం వెతికి తెచ్చి, పాత నోట్సు వెనక లెక్కవేసింది. ఒక్కరే ఒప్పుకుంటే నష్టం. ఇద్దరూ ఒప్పుకుంటే భత్యం పోతుంది, బస్సుకీ మందులకీ చేతి డబ్బు పెట్టుకోవాలి.

"మొత్తం చూస్తే ఇప్పుడెంతో అప్పుడూ అంతే. ఏమీ మిగలదు."

"ఏమీ మిగలనిదానికి ఇంత పోరెందుకే?"

"వచ్చే ఏడు జీతం పెంచుతామంటే పారిపోనక్కర్లేదుగా," అన్నాడు నాన్న. "ఇన్నాళ్ళూ ఎవరైనా మంచిమాట చెబితే గుండె గుభేలుమంటోంది మనకి."

"దీనికి జబ్బు ముదిరితే?" అమ్మ చిన్నదాని వైపు చూపించింది.

నాన్న చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. అమ్మే పెద్దకూతురి చేతిలోంచి కలం తీసుకుంది. 'ఆదాయంలో మార్పు ఉంటుందా?' అన్న ప్రశ్న పక్కన ఎక్కడ రాయాలో చూపించమంది. తన చేత్తో తనే రాసింది, 'ఉంటుంది' అని.

తర్వాతి వారం ఇన్‌ఛార్జిగా మొదటిరోజు ముగించుకుని ఆమె ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకున్నారు. ఆ రోజే కొట్లో రోజంతా పని మొదలుపెట్టిన నాన్న మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పి పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది?"

"భయంగా ఉంది. మీకో?"

"నాకూ అంతే."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఆమెకి కన్నీళ్ళు కారాయి. ఈసారి మొహం దాచుకోలేదు.